చేపను పెంచే చదువా, నీటిని చదివే పనా

మృగశిర కార్తె నాడు హన్మకొండ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. ఈసారి ఆ గుంపులోనే నర్సంపేట వైపు మత్స్యకార సొసైటీ సభ్యుడొకాయన నన్ను గుర్తుపట్టి పక్కకు తీసుకెళ్లాడు. "సారూ, మా పిలగాడు ఇంటర్ బైపీసీ చదువుతున్నడు. చేపల చదువే చదువుతా అంటున్నడు. ఆ చదువు ఏడ ఉంటది? చదివితే ఏమైతడు?" అని అడిగాడు. కొడుకు తండ్రి వెనకే నిలబడి, బుట్టలో ఉన్న చిన్న చేపలను వేలితో తిరగేస్తున్నాడు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. జువాలజీ చదివాను. రెండు సీజన్లు చేప పిల్లలను పుట్టించే హ్యాచరీలో రాత్రుళ్లు గడిపాను. తర్వాత కొన్నేళ్లు చెరువులు, వాగుల సర్వే ప్రాజెక్టుల్లో తిరిగి, ఇప్పుడు పాఠం చెప్పుకుంటున్నాను. ఉత్తర తెలంగాణ పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో ఇదే అడుగుతారు. నేను మొదట చెప్పేది ఒకటే: "చేపల చదువు" అని మనం ఒక్క మాటగా అంటున్నది నిజానికి రెండు వేర్వేరు పనులు. ఒకటి చేపను పెంచే పని. రెండోది చేప బతికే నీటిని అర్థం చేసుకుని కాపాడే పని. కట్ట మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ వల ఉంటుంది, బురద ఉంటుంది, తెల్లవారుజామున లేవడం ఉంటుంది. కానీ చదువు వేరు, పరీక్షలు వేరు, బతికే ఊరు వేరు. కొన్నిసార్లు ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురుగా కూడా నిలబడతాయి.

మీరు ఏ పనికి సరిపోతారో తేల్చుకోవడానికి నేను ఒక ప్రశ్న వాడతాను. బొచ్చె, రవ్వ మన చెరువుల్లో కిలోల కొద్దీ పెరుగుతాయి కదా, మరి అక్కడే పిల్లలు ఎందుకు పెట్టవు? ఏటా ఎందుకు కొత్తగా పిల్లలను తెచ్చి వదలాల్సి వస్తోంది? జవాబు ఇది: అవి నది చేపలు. వానాకాలం వరద, పారే నీళ్లు, పక్కనున్న పల్లాల్లోకి పొంగే కొత్త నీరు, ఇవన్నీ కుదిరితేనే గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువు నీళ్లలో గుడ్డు కడుపులోనే ఉండిపోతుంది.

ఈ జవాబు విన్నాక మీ మనసు ఎటు పోయిందో గమనించండి. "మరి చెరువులోనే పెట్టించాలంటే ఏం చేయాలి?" అని తోస్తే మీది పెంపకం దారి. ఆ ప్రశ్నకు 1957 జూలై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి బృందం జవాబు కనిపెట్టింది. చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి, బొచ్చె, రవ్వల కుటుంబానికి చెందిన కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. ఈరోజు మన చెరువుల్లో పడే ప్రతి బొచ్చె పిల్ల వెనుకా ఆ ఇంజెక్షన్ పద్ధతే ఉంది. అలా కాకుండా "మరి నదిలో ఎక్కడ పెట్టేవి? ఇప్పుడూ పెడుతున్నాయా?" అని తోస్తే మీది జీవావరణం (ఎకాలజీ) దారి. ఆ ప్రశ్నకు ఇంజెక్షన్ లేదు. ఏళ్ల తరబడి నది వెంట తిరగాలి.

ఇప్పుడు ఒక్కో దారిలో రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. కోర్సు పేరు, జీతం చూసి ఎంచుకున్న చాలామంది ఈ రోజువారీ పని దగ్గరే విసిగిపోతారు.

హ్యాచరీలో ఒక రాత్రి

జూన్ నుంచి ఆగస్టు దాకా హ్యాచరీలో పగలూ రాత్రీ ఒకటే. సాయంత్రం తల్లి చేపలను ఎంచుతారు. పొట్ట మెత్తగా, ఉబ్బుగా ఉన్న ఆడవి, నొక్కితే పాలలాంటి ద్రవం వచ్చే మగవి. తూకం వేసి, తూకాన్ని బట్టి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుండ్రటి తొట్టిలో వదులుతారు. అర్ధరాత్రి దాటాక నీళ్లలో అలజడి మొదలవుతుంది. కిలో బరువున్న తల్లి లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు అడుగున పేరుకోకుండా నీరు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే ఆ రాత్రి పనంతా పోయినట్టే. మొదటి సీజన్లో అలాంటి ఒక రాత్రి నేను బకెట్లతో నీళ్లు పోస్తూ తెల్లవార్చాను. చేతులు వణకడం తగ్గేసరికి మధ్యాహ్నమైంది. ఆ టెన్షన్ పడ్డాక కూడా మరుసటి రోజు, గుడ్డు పొరలో కదులుతున్న పిల్ల కళ్లను లెన్స్‌లో చూసి సంతోషపడగలిగితే, మీరు ఈ పనికి పుట్టినవాళ్లే.

పెంపకం చెరువు మీద పని ఇంత ఉద్వేగంగా ఉండదు కానీ ఓపిక ఎక్కువ కావాలి. తవుడు, వేరుశనగ చెక్క లెక్క, నెలకోసారి వలేసి బరువు చూడడం, నీటి రంగు గమనించడం. ఎండాకాలం తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు మింగుతుంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. రాత్రంతా పాచి, మొక్కలు, చేపలు అన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తయారు చేయడానికి వెలుతురు ఉండదు. అందుకే సూర్యోదయానికి ముందు ఘడియలే ప్రమాదం. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే నిశ్చింత. అంతకంటే బాగా పడిపోయి, మబ్బు కూడా పట్టిందంటే ఆ రోజు రైతు ఫోన్ ముందు మీకే వస్తుంది. రైతు నష్టాన్ని మీ నష్టంగా మోయగలరా అన్నది ఇక్కడ అసలు పరీక్ష.

ఈ దారిలో దొరికే ఉద్యోగాల్లో దాణా కంపెనీల టెక్నికల్ ఆఫీసర్ పని ఎక్కువ. సగం శాస్త్రం, సగం అమ్మకం. నెలనెలా టార్గెట్ ఉంటుంది. పని దొరికే చోట్లు కూడా ఎక్కువగా కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఉంటాయి, వరంగల్లో తక్కువ. ఇంటికి దగ్గరగా ఉండాలని పట్టుదల ఉన్నవాళ్లు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

చెరువు కట్ట మీద పుస్తకంతో

జీవావరణం పని బయటికి చాలా అందంగా కనిపిస్తుంది. పాకాల, లక్నవరం, రామప్ప, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే చోటు, ఏటూరునాగారం అడవి వాగులు. ఫొటోలు చూసి పిల్లలు ఇటు మొగ్గుతారు. నిజానికి నీళ్లలో ఒక రోజు గడిపితే బల్ల ముందు నాలుగు రోజులు గడపాలి.

ఆ ఒక్క రోజూ ఎలా ఉంటుందంటే, నెలనెలా అదే చోటికి, అదే సమయానికి వెళ్లాలి. నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, ఆక్సిజన్ కొలవాలి. సెక్కీ డిస్క్ అనే పళ్లెం నీళ్లలోకి దించి ఎంత లోతు దాకా కనిపిస్తోందో రాసుకోవాలి. సన్నని జాలితో, నీళ్లలో తేలే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్ పట్టాలి. వేర్వేరు కన్ను సైజుల గిల్ నెట్ వలలు సాయంత్రం కట్టి, ఉదయం తీసి, పడిన ప్రతి చేపనూ కొలిచి, తూచి, చీటీ కట్టాలి. తర్వాత ల్యాబ్‌లో పార్శ్వరేఖ, అంటే చేప ఒంటి పక్కన మొప్ప నుంచి తోక దాకా సాగే గీత, మీద పొలుసులు లెక్కపెట్టాలి, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టాలి. మనం చేతిలో పట్టుకుని "పరక" అని ఊరుకునే చేపల్లో ఎన్నో జాతులు ఉంటాయి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా తోక దగ్గరి ఒక నల్ల చుక్క కావచ్చు, మూతి దగ్గరి ఒక జత మీసాలు కావచ్చు. ఆ తేడా పట్టుకోవడానికి ఒక మధ్యాహ్నమంతా పోయినా విసుగు రాకపోతే ఈ పని మీకు అబ్బుతుంది.

మిగతా రోజులు కంప్యూటర్ మీదే. గణాంకాలు రాకుండా ఈ రంగంలో ముందుకు పోలేరు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "మ్యాథ్స్ తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్నా" అనే పిల్లలు ఎమ్మెస్సీలో ఇక్కడే ఆగిపోవడం చూశాను. ఆర్ సాఫ్ట్‌వేర్, మ్యాపులు గీయడానికి క్యూజీఐఎస్, ఈ రెండూ ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టండి. ఈత కూడా నేర్చుకోండి. పుట్టిలో కూర్చుని రిజర్వాయర్ మధ్యకు వెళ్లాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఉద్యోగ భద్రత సంగతి దాచకుండా చెప్పాలి. ఇక్కడ మొదటి ఐదారేళ్లు ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది. 2023 నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి అదే ఊతం.

రెండు దారులూ ఎదురుపడే చోటు

ఈ భాగం చదివాక కూడా మీకు రెండూ ఒకటే అనిపిస్తే ఇంకొంచెం ఆగి ఆలోచించమంటాను.

2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదిలే పథకం నడిపింది. కొన్ని నెలలే నీళ్లుండే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే పెద్ద చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. దానికి ముందే 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత మొదలైంది. పెంపకం చదివినవాళ్లకు ఇది పెద్ద అవకాశం. పిల్ల సైజు సరిగా ఉందా, దారిలో ఎన్ని చనిపోయాయి, నీళ్లు నిండాక వదిలారా ముందే వదిలారా, చివరకు సొసైటీకి ఎన్ని కిలోలు వచ్చాయి, ఇవే వాళ్ల లెక్కలు. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల ఏడాది ఆదాయం ఆ లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. అది చిన్న పని కాదు.

అదే చెరువు దగ్గరికి జీవావరణం చదివిన మనిషి వెళ్తే అడిగే ప్రశ్నలు వేరు. బొచ్చెలు, రవ్వలు, బంగారు తీగలు వదలకముందు ఇందులో ఏమేమి ఉండేవి? బొమ్మిడాయిలు ఉన్నాయా? జెల్లలు? కొర్రమట్ట జంట ఎర్రని పిల్లల గుంపును కాచుకుంటూ తిరగడానికి అంచున గడ్డి మిగిలిందా? వాలుగ పడుతోందా? వాలుగ ఇప్పుడు అంతర్జాతీయ రెడ్ లిస్టులో ముప్పు ఉన్న చేపల్లో చేరింది. పెంపకం దృష్టిలో అదే వాలుగ వదిలిన పిల్లలను మింగే శత్రువు. చెరువులో పిల్లలు వదిలే ముందు వాలుగలను, కొర్రమట్టలను ఏరివేయమని పెంపకం పుస్తకం చెబుతుంది. ఒకరి పాఠంలో తీసేయాల్సిన చేప ఇంకొకరి పాఠంలో కాపాడాల్సిన చేప. విచిత్రం ఏమిటంటే, మన రాష్ట్ర చేప ఆ కొర్రమట్టే, అంటే కొరమీనే.

గోదావరి మీద కూడా ఇదే ఎదురుపాటు. బ్యారేజీ కట్టాక మైళ్ల కొద్దీ పారే నీరు నిలిచిన నీరుగా మారుతుంది. నిలిచిన నీళ్లలో చేప పిల్లలు వదలొచ్చు, వల పంజరాల్లో చేపలు పెంచే కేజ్ కల్చర్ చేయొచ్చు, లైసెన్సులు ఇవ్వొచ్చు. కానీ వరదకు ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే చేపలకు అది గోడ. గోడ వల్ల ఏమవుతుందో తెలుసుకోవాలంటే పులస కథ చాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సముద్రం నుంచి ఎదురెక్కే ఆ చేప ప్రయాణం ఆనకట్ట దగ్గరే ఆగిపోతూ వచ్చింది. సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీల దగ్గర మన వైపు చేపలకు ఏం జరుగుతోందో లెక్కపెట్టే మనుషులు కావాలి. ఆ మనుషులు ఇక్కడి నుంచే, ఈ చేపల పేర్లు ఇంటి భాషలో తెలిసిన పిల్లల్లోంచే రావాలని నా గట్టి కోరిక.

అందుకే అంటున్నాను, పథకాన్ని బాగా నడిపించే ఉద్యోగం, దాని ప్రభావాన్ని లెక్కించే ఉద్యోగం ఒక్కటి కావు. రెండూ కావాలి. ఒకే మనిషి రెండూ ఒకేసారి చేయడం కష్టం.

చదువు దగ్గర జరిగే పెద్ద పొరపాటు

పెంపకం దారికి అసలు డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ. అంటే ఫిషరీ సైన్స్ డిగ్రీ, నాలుగేళ్లు. ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. మన రాష్ట్రంలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద వనపర్తి జిల్లా పెబ్బేరులో ఫిషరీస్ సైన్స్ కాలేజీ ఉంది. వరంగల్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, హైదరాబాద్ దాటి కర్నూలు రోడ్డు మీద. హాస్టల్లో ఉండి చదవాలి. హ్యాచరీ, రోగాలు, దాణా, ప్రాసెసింగ్, నీటి నాణ్యత అన్నీ చేత్తో చేసి నేర్చుకునే చదువు అది.

జువాలజీ దారిలో మూడేళ్ల బీఎస్సీ, తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ద్వారా ఇంటికి దగ్గరి డిగ్రీ కాలేజీలో చేరొచ్చు. ఎమ్మెస్సీకి 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం హన్మకొండలోనే ఉంది. ఖర్చు తక్కువ.

పొరపాటు ఎక్కడంటే, కొన్ని డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీలో ఫిషరీస్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది. అది చదివితే బీఎఫ్‌ఎస్సీ చదివినట్టే అనుకుని చేరతారు. కాదు. ఉదాహరణకు బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు నాలుగేళ్ల ఫిషరీ సైన్స్ డిగ్రీ పనికొస్తుంది. మూడేళ్ల బీఎస్సీ జువాలజీ పనికిరాదు. మత్స్యశాఖ పోస్టుల నోటిఫికేషన్లలో కూడా అర్హత దగ్గర ఏ డిగ్రీ పేరు రాశారో అక్షరం అక్షరం చదవాలి. ముంబైలో 1961 నుంచి ఉన్న కేంద్రీయ మత్స్య విద్యా సంస్థలో ఎంఎఫ్‌ఎస్సీ అనే పీజీ చేయాలన్నా బీఎఫ్‌ఎస్సీ ఉండాలి. మూడేళ్లు పోయాక ఈ సంగతి తెలుసుకుని నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆమెకు అడ్మిషన్ రోజు ఎవరూ చెప్పలేదు. ఇది రాయడానికి సగం కారణం ఆమే.

ఇంకో హెచ్చరిక. పక్క రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీలు లక్షల ఫీజుతో బీఎఫ్‌ఎస్సీ సీటు ఇస్తామంటాయి. ఆ కాలేజీకి భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టకండి. గుర్తింపు లేని డిగ్రీతో ఆ తర్వాత పీజీ దగ్గర తలుపులు మూసుకుంటాయి.

జీవావరణం వైపు మాత్రం తలుపులు ఇంత బిగువుగా ఉండవు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణ ఎమ్మెస్సీ ఉంది. ఏ డిగ్రీ నుంచి వచ్చినా చూస్తారు కానీ సీట్లు చాలా తక్కువ, ఏటా తీసుకోరు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ మంచినీటి జీవావరణం మీదే ప్రత్యేకంగా ఎమ్మెస్సీ మొదలుపెట్టింది. నోటిఫికేషన్ వచ్చిన ఏడు దరఖాస్తు చేసుకోవాలి. హైదరాబాద్ అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్ కూడా ఆ వైపే. నీళ్లలో రాలిన డీఎన్‌ఏను బట్టి ఆ నీళ్లలో ఏ జీవులు ఉన్నాయో చెప్పే పద్ధతి మీద ఇలాంటి ల్యాబుల్లో పని జరుగుతోంది. వల వేయకుండా సీసాడు నీళ్లతో చేప ఉనికి తెలుసుకోవడం పదేళ్ల క్రితం మా సర్వేల్లో మేం ఊహించనిది.

రెండు దారులూ కలిసే చోట్లు కూడా లేకపోలేదు. 1947 నుంచి ఉన్న బారక్‌పూర్ ఇన్‌లాండ్ ఫిషరీస్ సంస్థ నదులు, రిజర్వాయర్ల మీద పని చేస్తుంది. బీఎఫ్‌ఎస్సీ తర్వాత ఎంఎఫ్‌ఎస్సీలో జల పర్యావరణ నిర్వహణ తీసుకుంటే పెంపకం నుంచి జీవావరణంలోకి వంతెన దొరికినట్టే. అక్కడి నుంచి పరీక్ష రాసి వ్యవసాయ పరిశోధన మండలిలో సైంటిస్టు అయితే మూల వేతనం 57,700తో మొదలవుతుంది. పోటీ గట్టిది.

మిగతా దారులు, క్లుప్తంగా

పర్యావరణ కన్సల్టెన్సీల్లో జీవావరణ నిపుణుల పని ఉంటుంది. గనులు, పవర్ ప్లాంట్లు, ప్రాజెక్టుల కోసం ప్రభావ నివేదికలు తయారు చేయాలి. రామగుండం, భూపాలపల్లి వైపు ఇలాంటి పని రాకుండా ఉండదు. జీతం సమయానికి వస్తుంది. అయితే డబ్బిచ్చేది ప్రాజెక్టు కట్టేవాళ్లే. కనపడిన చేపను కనపడలేదని రాయమని ఎవరైనా అడిగితే ఏం చేస్తారో ఉద్యోగంలో చేరకముందే మనసులో తేల్చుకోండి. కాలుష్య నియంత్రణ మండలి ల్యాబ్ ఉద్యోగాలు, అటవీశాఖ పోస్టులు, జూనియర్ లెక్చరర్ ఉద్యోగం, ఇవన్నీ జువాలజీ వాళ్లు ప్రయత్నించవచ్చు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి ఒక్కదాని మీదే ఏళ్లు పెట్టుకోవద్దు.

సొంతంగా చేపల చెరువు పెడతామనే వాళ్లకు ఒకే మాట. ముందు ఒక సీజన్ ఇంకొకరి దగ్గర పని చేయండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ ఖర్చు మీద సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. మిగతాది మీ జేబులోంచే. యూట్యూబ్ చూసి బయోఫ్లాక్ ట్యాంకులు, అంటే సూక్ష్మజీవుల సాయంతో కొద్ది నీళ్లలోనే చేపలు పెంచే ట్యాంకులు, పెట్టి, రోజూ అమోనియా చూసుకోలేక, కరెంటు బిల్లు కట్టలేక, ఏడాదిలోపే టార్పాలిన్ చుట్టేసిన కుర్రాళ్లను చూశాను. పంచాయతీ చెరువు ఖాళీగా ఉంది కదా అని పిల్లలు వదలడానికి కుదరదు, హక్కు చాలాచోట్ల సొసైటీది. ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచమని ఆశ చూపితే దగ్గరికే పోకండి. మన దేశంలో దాని పెంపకం మీద నిషేధం ఉంది. ఒకసారి వాగులో పడితే నాటు చేపలను మిగలనివ్వదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు "రాత్రిళ్లు చెరువుల మీద పనేమిటి" అని భయపడతారు. చేపల బుట్టలు ఎత్తి, మార్కెట్లో కూర్చుని అమ్మేది మన ఊళ్లలో ఎక్కువగా ఆడవాళ్లే. చదువుకున్న అమ్మాయి ఆ రంగంలోకి రావడం కొత్త కాదు, ఆలస్యం అంతే. సర్వేలకు బృందంగా వెళ్తారు. హ్యాచరీల్లో రాత్రి బస ఎలా ఉందో మాత్రం చేరేముందు స్వయంగా చూసి రండి.

నా సలహా ఎటు మొగ్గుతుందంటే

ఈఏపీసెట్ ర్యాంకుకు ప్రభుత్వ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ సీటు వస్తే, మనసు నది వైపు ఉన్నా సరే, తీసుకోండి. 22 ఏళ్లకు చేతిలో పని ఉంటుంది. అక్కడి నుంచి జీవావరణంలోకి రావచ్చు. జువాలజీ నుంచి పెంపకం ఉద్యోగాల్లోకి పోవడం దానికంటే చాలా కష్టం. ఇంట్లో త్వరగా సంపాదన కావాల్సిన పరిస్థితి ఉంటే ఇంక రెండో ఆలోచనే వద్దు.

సీటు రాకపోతే ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టుకోవడం కంటే, మంచి ప్రాక్టికల్స్ చేయించే కాలేజీలో బీఎస్సీలో చేరి, మొదటి ఏడాది నుంచే గణాంకాలు, చేపల గుర్తింపు నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. అప్పుడు జువాలజీ మీరు కావాలని నడిచే దారి అవుతుంది. ఐదేళ్ల తర్వాత చేతిలో నెట్ ఉండాలి, లేదా ఒక చెరువు మీద మీరే తయారు చేసిన మూడేళ్ల లెక్క ఉండాలి. ఈ రెండూ లేకుండా ఎమ్మెస్సీ పట్టా ఒక్కటే ఉంటే ఇబ్బంది పడతారు. నేనూ పడ్డాను.

ఏది ఎంచుకున్నా, ముందు ఒక వానాకాలం మీ దగ్గరి చెరువుకు ఇవ్వండి. మొదటి పెద్ద వానకు చెరువు మత్తడి దుంకుతున్నప్పుడు వెళ్లి, ఏ చేపలు నీటికి ఎదురెక్కుతున్నాయో చూడండి. సొసైటీ పెద్దమనుషులను వాటి పేర్లు అడగండి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి చేపల పెంపకం గురించి ఎవరిని కలవాలో కనుక్కోండి. ఏదైనా హ్యాచరీలో ఒక్క రాత్రి ఉండనివ్వమని బతిమాలండి. ఒక నోటుపుస్తకం చాలు.

ఆ రోజు మార్కెట్లో తండ్రీకొడుకులకు బొచ్చె సంగతి చెప్పాను. ఇంజెక్షన్ మాట వినగానే తండ్రి కళ్లు మెరిశాయి. "ఒక్క తల్లికి ఎన్ని పిల్లలైతయి సారూ? మన సొసైటీ వాళ్లం పెట్టుకోవచ్చునా?" అని వరసగా అడిగాడు. కొడుకు అప్పటిదాకా మాట్లాడలేదు. బుట్టలోంచి వేలెడంత చేపనొకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, "దీనికి తోక కాడ చుక్క ఉంది, దానికి లేదు. రెండింటికీ ఒకటే పేరు ఎందుకు చెప్తున్నరు?" అన్నాడు. ఈఏపీసెట్‌కు ఇంకా ఏడాది ఉంది. ర్యాంకు కోసం గట్టిగా చదవమని చెప్పి, పార్శ్వరేఖ పొలుసులు ఎలా లెక్కపెట్టాలో అక్కడే, ఆ జనం మధ్యలోనే చూపించాను.